దీనికేమన్నా వస్తాదా?

రంజాన్ నెల దగ్గరపడితే కడప పెద్ద దర్గా దగ్గరి అంగళ్లలో అత్తరు సీసాల పైన తెల్లటి జాలీ టోపీలు గుత్తులు గుత్తులుగా వేలాడతాయి. కర్నూలు పాతబస్తీలోనూ అంతే. వాటిలో చాలా వరకు మిషన్ సరుకే. కానీ గుత్తిలో చెయ్యి పెట్టి వెతికితే ఎక్కడో ఒకటి వేరుగా తగులుతుంది. నడినెత్తి దగ్గర చిన్న సున్నాగా మొదలై, చుట్టు మీద చుట్టు తిరుగుతూ, అతుకన్నది లేకుండా అంచు దాకా దిగిన టోపీ అది. దాన్ని చేత్తో అల్లారు. పనిముట్టు ఒకటే, జానెడు పొడవుండే కొక్కెం సూది. మన ఉర్దూ ఇళ్లలో ఆ పనిని క్రోషియా అంటారు. కాలేజీ పిల్లలు క్రోషే అంటారు. గోదావరి వైపు పోతే లేసు అల్లిక. ఈ పూట నేను మాట్లాడబోయేది దాని గురించే.

రేడియోలో చెయ్యి చూపించే వీలు లేదు. అయినా ఒక ప్రయత్నం చేద్దాం. దగ్గర్లో పురికొసో, పాత లంగా బొందో ఉంటే తీసుకోండి. కొస దగ్గర జారుముడి వేయండి. ఆ ముడికి ఒక ఉచ్చు ఉంటుంది కదా, అందులోంచి రెండు వేళ్లు దూర్చి, అవతలున్న దారాన్ని పట్టుకొని ఇవతలికి లాగండి. ఇప్పుడు ఇంకో ఉచ్చు వచ్చింది. దాంట్లోంచి మళ్లీ లాగండి. నాలుగైదు సార్లు లాగేసరికి చేతి నుంచి చిన్న గొలుసు వేలాడుతుంది. దీన్నే చైన్ వేయడం అంటారు. అక్షరాభ్యాసం అయిపోయింది. ఆ తర్వాత నేర్చుకునే సింగిల్, డబుల్, ట్రిబుల్ అన్నీ దీని పిల్లలే. దారాన్ని సూదికి ఎన్నిసార్లు చుట్టాలి, ఎన్ని ఉచ్చుల్లోంచి లాగాలి అన్నదే తేడా.

రెండు సూదులతో స్వెట్టర్ అల్లేవాళ్లను చూసే ఉంటారు. అక్కడ వరుసలోని ఉచ్చులన్నీ సూది మీదే బతికి ఉంటాయి. సూది జారిందా, వరుసంతా జారినట్టే. క్రోషేలో ఎప్పుడు చూసినా బతికున్న ఉచ్చు ఒకటే. మిగతావన్నీ ముగిసిపోయిన కుట్లు. అందుకే ఇది ప్రయాణాల్లో చేసుకోవడానికి వీలైన పని. కర్నూలు నుంచి నంద్యాల పోయే బస్సులో కూర్చొని అల్లుకోవచ్చు. దిగాల్సిన చోటు వస్తే ఆ ఒక్క ఉచ్చుకు పిన్నీసు తగిలించి సంచిలో పడేసుకోవచ్చు. లెక్క తప్పితే దారం కొస పట్టి లాగడమే. తప్పు చేసిన చోటి వరకు సరసర ఊడి వస్తుంది. ఏమీ తెగదు, ఏమీ పాడవదు. వంటలో గానీ, కత్తెర పట్టి కుట్టే బట్టల్లో గానీ ఈ సౌకర్యం లేదు.

ఇంకొక సంగతి బట్టల దుకాణాలవాళ్లు కూడా చాలామంది గమనించరు. స్వెట్టర్ అల్లడానికి యంత్రాలున్నాయి. నేతకు ఎప్పటినుంచో ఉన్నాయి. చెయ్యి చేసే క్రోషేను అచ్చంగా చేసే యంత్రం మాత్రం ఇంతవరకు బజారులోకి రాలేదు. సూది వెనక్కి, పక్కకి, ఎక్కడంటే అక్కడ గుచ్చుకొని ప్రతి కుట్టునూ విడిగా ముగించుకొని రావాలి. యంత్రానికి అది పట్టుబడలేదు. చూడ్డానికి అలాగే కనిపించే జాలీ గుడ్డను మిషన్లు వేరే పద్ధతిలో అల్లుతాయి. నిజమైన క్రోషే రవిక ఏదైనా షాపింగ్ మాల్లో నాలుగైదు వందలకు దొరికిందంటే, ఎక్కడో ఒక మనిషి చేత్తో అల్లినట్టే. ఆ మనిషికి ఎంత ముట్టిందో మీరే ఊహించుకోండి. ఈ డబ్బు సంగతి దగ్గరకు మళ్లీ వస్తాను.

ముందు టోపీ లెక్క. నాకు ఈ పనిలో అన్నిటికంటే నచ్చేది ఇదే.

మొదటి చుట్టులో ఆరు కుట్లు వేస్తారు. రెండో చుట్టులో ఒక్కో కుట్టులో రెండేసి, అంటే పన్నెండు. మూడో చుట్టుకు పద్దెనిమిది, నాలుగో చుట్టుకు ఇరవై నాలుగు. చుట్టుకు ఆరు చొప్పున పెంచుకుంటూ పోతే అల్లిక బల్ల మీద బల్లపరుపుగా కూర్చుంటుంది. గ్లాసు కింద వేసుకునే మ్యాట్ అది. పెంచడం ఆపేసి ఎన్నున్నవి అన్నే అల్లుకుంటూ పోతే అంచులు కిందికి వంగుతాయి. అప్పుడది టోపీ. మరి ఆరుకు మించి, ప్రతి కుట్టులోనూ రెండేసి వేసుకుంటూ పోతే? అంచుకు చోటు చాలదు. చోటు చాలక కిందికీ మీదికీ మడతలు పడి, పెరట్లో పూసే సీతమ్మజడ పువ్వులా తయారవుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు లెక్క తప్పి దీన్ని చేసి, పాడైపోయిందని ఊడదీస్తారు.

1997లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో దైనా తైమినా అనే గణిత అధ్యాపకురాలు దాన్నే కావాలని చేసింది. ఆమెది లాత్వియా దేశం. హైపర్బోలిక్ తలం అని గణితంలో ఒకటుంది. మనం బడిలో చదివే యూక్లిడ్ జ్యామితికి లొంగనిది. అక్కడ ఒక గీతకు, దాని పక్కనున్న ఒక బిందువు గుండా, ఆ గీతను తాకని గీతలు ఎన్నైనా పోతాయి. పందొమ్మిదో శతాబ్దం నుంచి పండితులకు కాగితం మీద తెలుసు. చేతికిచ్చి తడిమి చూడమనడానికి మాత్రం గట్టి నమూనా లేదు. కాగితం ముక్కలు అతికించి చేసినవి చిరిగిపోయేవి. చిన్నప్పుడు నేర్చుకున్న సూది తైమినాకు గుర్తొచ్చింది. ఇన్ని కుట్లకు ఒకటి చొప్పున పెంచాలని నియమం పెట్టుకొని అల్లింది. చిరగని నమూనా వచ్చింది. 2009లో దాని మీద ఆమె రాసిన పుస్తకానికి ఆ ఏడాది అన్నిటికంటే వింత పేరున్న పుస్తకంగా ఒక బహుమతి కూడా దక్కింది.

కథ అక్కడితో ఆగలేదు. సముద్రంలోని పగడపు దిబ్బలకూ ఇదే మడతల రూపం. లాస్ ఏంజిలస్‌లో ఉండే మార్గరెట్, క్రిస్టీన్ వర్థైమ్ అనే కవలలు 2005లో ఊలుతో పగడపు దిబ్బను అల్లడం మొదలుపెట్టారు. సముద్రం వేడెక్కి పగడాలు తెల్లబారి చచ్చిపోతున్నాయని చెప్పడానికి వాళ్లు ఎంచుకున్న దారి అది. అనేక దేశాల నుంచి వేలమంది తలా ఒక పగడం అల్లి కలిపారు. పెద్ద పెద్ద మ్యూజియంలలో పెట్టారు. ఎమ్మిగనూరులోనో పులివెందులలోనో కూర్చొని లెక్క తప్పి మడతలు పడ్డ అల్లికను ఊడదీసే అమ్మాయికి ఈ సంగతి ఎవరన్నా చెప్తే బాగుండు అనిపిస్తుంది నాకు. ఆ ముక్క పారేయాల్సింది కాదు.

ఈ క్రోషే మన పాతకాలపు విద్యేనా అని కొందరు అడుగుతారు. కాదు. దారాన్నీ తాడునూ ముడివేసి పనికొచ్చే వస్తువు చేయడం మనకు కొత్తకాదు. నూర్పిళ్లప్పుడు ఎద్దుల మూతికి కట్టే చిక్కం, పెరుగు కుండకు ఉట్టి, నులక మంచం, బండి మీద గడ్డి కట్టే వల, ఇవన్నీ ఆ కోవలోవే. నల్ల గొర్రెల బొచ్చుతో కురుబలు నేసే కంబళి మన కర్నూలు పడమటి పల్లెల్లో నిన్నమొన్నటి దాకా ప్రతి ఇంట్లోనూ ఉండేది. కానీ కొక్కెం సూదితో అల్లే లేసు యూరప్‌లో పందొమ్మిదో శతాబ్దంలో ఊపందుకుంది. దాని వ్యాప్తి వెనక ఒక కరువుంది.

ఐర్లండులో 1845లో బంగాళాదుంపకు తెగులు సోకింది. దాని మీదే బతికే పేదలు లక్షల్లో చచ్చిపోయారు, లక్షల్లో ఓడలెక్కి వెళ్లిపోయారు. అప్పుడు కార్క్ పట్టణం చుట్టుపక్కల క్రైస్తవ సన్యాసినులు బడులు పెట్టి ఆడపిల్లలకు ఈ పని నేర్పారు. సూది చవక, దారం చవక, మగ్గం అక్కర్లేదు, గుడిసెలో కూర్చొని చేసుకోవచ్చు. ఆ లేసు లండన్, పారిస్ దొరసానుల గౌన్ల మీదికి ఎక్కింది. పూట గడవని ఇళ్లకు నాలుగు డబ్బులొచ్చాయి.

కరువంటే మన రాయలసీమకు వేరే చెప్పాలా? 1876 నుంచి 1878 దాకా సాగిన ధాత కరువులో కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలు అల్లాడిపోయాయి. మన ఆడవాళ్ల చేతికి అప్పుడు సూది రాలేదు. రాళ్లు కొట్టే సుత్తి వచ్చింది, మట్టి తట్ట వచ్చింది. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి వచ్చి కరువు పనుల కూలిని కోసేశాడు. మగమనిషికి రోజంతా చేస్తే ఒక పౌను గింజలు, ఒక అణా. పౌనంటే అర కిలో కూడా లేదు. ఆడమనిషికి అందులోనూ తక్కువే.

తెలుగునేల మీద లేసు కాలుపెట్టిన చోటు నరసాపురం. 1844 ప్రాంతంలో క్రైస్తవ మిషనరీలు అక్కడి ఆడవాళ్లకు నేర్పారని చెప్తారు. డెల్టా పల్లెల్లో అది పెద్ద వ్యాపారమైంది. ఏజెంటు దారం తూచి ఇచ్చి వెళ్తాడు, అల్లిన ముక్కలు తూచి పట్టుకుపోతాడు. పువ్వులు అల్లేది ఒకరు, అది చేతిపని. పువ్వులను కలిపేది ఇంకొకరు, అది అతుకుపని. ఎవరింట్లో వాళ్లే కూర్చొని చేస్తారు కాబట్టి ఒకరి కూలి ఒకరికి తెలియదు. సరుకు ఓడలెక్కి అమెరికా, యూరప్ పోతుంది. 1970ల చివర్లో మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త అక్కడికి వచ్చి, వాళ్ల ఇళ్లలో కూర్చొని లెక్కలు రాసుకుంది. 1982లో పుస్తకంగా తెచ్చింది. లక్షకు పైగా ఆడవాళ్లు, రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు, రూపాయి కూడా గిట్టని కూలి. పొలం కూలి కంటే హీనం. ఎందుకంత తక్కువంటే షావుకార్ల దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది: వాళ్లేమన్నా కూలివాళ్లా, ఇల్లాళ్లు కదా, తీరిక వేళల్లో ఏదో చేసుకుంటున్నారు! ఆ ఇల్లాళ్లు కూడా అదే నమ్మారు. ఎనిమిది గంటల పనికి తీరిక అని పేరు పెడితే కూలి అడిగే నోరు లేకుండా పోతుంది. ఆ పుస్తకంలో నన్ను పట్టుకున్న విషయం ఇదే.

నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దగ్గర్లోని సీతారాంపురంలో లేసు పార్కు అంతకు ముందే వెలసింది. మంచిదే. గుర్తింపు పేరుకొచ్చినంత వేగంగా కూలికి వస్తే ఇంకా మంచిది.

అలాంటి వ్యాపారం మన కడప, కర్నూలు వైపు వేళ్లూనలేదు. మన దగ్గర ఈ పని వేరే దారుల్లో తిరిగింది. బడిలో క్రాఫ్టు పీరియడు, హాస్టల్లో పక్క మంచం స్నేహితురాలు, రైల్వే క్వార్టర్స్‌లో పక్కింటికి బదిలీ మీద వచ్చిన ఆమె, ఉర్దూ ఇళ్లలో నానీ. టీవీ మీద కప్పు, ఫ్రిజ్ మీద గుడ్డ, గుమ్మానికి తోరణం, కాన్పు దగ్గరపడిన కూతురికి చిన్న చిన్న బూట్లు, ఇంకా ఆ టోపీలు. ఎవరూ దారం తూచి ఇవ్వలేదు, ఎవరూ తూచి పట్టుకుపోలేదు. టీవీలు గోడకెక్కాక కప్పు వేసే చోటే లేకుండా పోయి, మధ్యలో కొన్నేళ్లు ఈ పని ముసలమ్మలదైపోయింది.

దాన్ని మళ్లీ చిన్నవాళ్ల చేతికిచ్చింది సెల్‌ఫోను. ముఖ్యంగా 2020లో కరోనాకు ఇళ్లలో తలుపులేసుకొని కూర్చున్న నెలలు. వీడియో చూస్తూ, అర్థం కాని చోట ఆపి, పది సెకన్లు వెనక్కి జరిపి చూసుకుంటూ నేర్చుకున్న పిల్లలు ఎందరో. పక్కింటత్త దగ్గర నేర్చుకుంటే ఆమె విసుక్కుంటుంది, ఫోను విసుక్కోదు. తెలుగులో చెప్పేవాళ్లూ ఇప్పుడు బాగానే ఉన్నారు. భాష అక్కర్లేని పద్ధతి కూడా ఒకటుంది. జపాన్‌వాళ్లు అల్లికను బొమ్మగా గీస్తారు. చైన్‌కు కోడిగుడ్డు లాంటి గుండ్రం, సింగిల్‌కు ఇంటూ గుర్తు, డబుల్‌కు తల మీద అడ్డగీత, నడుమ ఏటవాలు గీత ఉన్న నిలువు గీత. ముగ్గు చుక్కలు చూసి గీత కలపగల మన ఆడవాళ్లకు ఆ పటం చదవడం పది నిమిషాల పని. ఇంగ్లీషులో రాసిన నమూనాలతోనే చిక్కు. బ్రిటన్‌వాళ్లు డబుల్ అని రాసేది అమెరికావాళ్లకు సింగిల్. అది చూసుకోకుండా మొదలుపెడితే పసిపిల్లకు అల్లిన గౌను తల్లికి సరిపోతుంది.

2007లో అమెరికాలో ఒక దంపతులు అల్లికలవాళ్ల కోసం రావెల్రీ అనే ఆన్‌లైన్ వేదిక పెట్టారు. ఏ దారంతో ఏ సూదితో ఏం చేశామో ఫొటోతో సహా రాసి పెట్టుకొనే ఖాతా పుస్తకం లాంటిది. దాని తర్వాత ఫేస్‌బుక్ బృందాలు, వాట్సాప్ బృందాలు. మనకు దగ్గర్లో పెద్ద ఉదాహరణ చెన్నైది. శుభశ్రీ నటరాజన్ ఫేస్‌బుక్‌లో మొదలుపెట్టిన ‘మదర్ ఇండియాస్ క్రోషే క్వీన్స్’ బృందంవాళ్లు ఎవరింట్లో వాళ్లు చదరాలు చదరాలుగా అల్లి, అన్నిటినీ ఒకచోట చేర్చి, 2016 జనవరి 31న చెన్నైలో ఒకే దుప్పటిగా పరిచారు. 11,148.5 చదరపు మీటర్లు. మన సేద్యగాళ్ల లెక్కలో చెప్పాలంటే రెండు ముప్పావు ఎకరాల దుప్పటి. గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. తర్వాత దాన్ని విడదీసి కప్పుకోవడానికి లేనివాళ్లకు ఇచ్చారు. ఒకరి ముఖం ఒకరు చూడనివాళ్లు ఒక కొలతకు కట్టుబడి తలా ఒక ముక్క చేయడం, అన్నీ సరిగ్గా అతకడం, చిన్న విషయం కాదు. నరసాపురంలో ముక్కలు కలిపించుకునేది వ్యాపారి, ఇక్కడ కలుపుకున్నది అల్లినవాళ్లే.

ఈ బృందాల్లో మన సీమవాళ్లకు ఒక ఇబ్బంది. నమూనాలన్నీ చలి దేశాలవి. మఫ్లర్లు, చెవుల టోపీలు, మోకాళ్ల దాకా మేజోళ్లు. మే నెలలో నలభై మూడు డిగ్రీల నంద్యాలలో ఊలు పట్టుకొని కూర్చోవాలంటే, అల్లడం మాట అటుంచి, అరచేతి చెమటకు దారం సూది మీద కదలదు. అంగళ్లలో ఊలు పేరుతో అమ్మేదాంట్లో చాలా భాగం అక్రిలిక్, అంటే ప్లాస్టిక్ జాతి. మన ఎండకు నూలే సరి. ఊలుకు ఐదారు మిల్లీమీటర్ల సూది వాడతారు. మన నూలుకు రెండు, రెండున్నర చాలు, తోరణం దారానికి ఇంకా సన్నం. నూలంటే మనకేం తక్కువ? ఆదోని పత్తి మార్కెట్టు ఊరి పేరుతో పాటే వినిపిస్తుంది. 1938లో మాచాని సోమప్ప ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘం పెట్టారు. ఇంత పత్తి పండే చోట, ఇంత నేత ఉన్న చోట, క్రోషే దారం ఉండ మాత్రం ఎక్కడి నుంచో వచ్చి కడప వై.వి. స్ట్రీట్ ఫ్యాన్సీ షాపులో దొరకాలి. అదీ నాలుగే రంగుల్లో. మిగతా రంగులకు ఆన్‌లైనే దిక్కు. మన సంఘాలెవరైనా ఈ దారం వైపు చూస్తే కొనేవాళ్లున్నారు.

ఇక, అల్లుతూ కూర్చున్న ప్రతి మనిషికీ సీమలో ఎదురయ్యే ప్రశ్న. “ఏందమ్మీ, పొద్దస్తమానం ఆ కొక్కెం పట్టుకొని కూకుంటావు, దీనికేమన్నా వస్తాదా?” అడిగేది అత్త కావచ్చు, తమ్ముడు కావచ్చు. టీవీ ముందు రెండు గంటలు కూర్చున్నవాళ్లను ఎవరూ ఇలా అడగరు, చూడండి. ఫోను గీకుతూ కూర్చున్నవాళ్లనూ అడగరు. చేతిలో ఏదో తయారవుతూ కనిపిస్తే మాత్రం దానికి ధర గుర్తొస్తుంది.

ఏమీ రాదు అని చెప్పే హక్కు మనకుండాలని నా అభిప్రాయం. పొలం, పశువులు, వంట, పిల్లలు, డ్యూటీ, ఇవన్నీ పోను మిగిలిన గంట ఆమెది. ఆ గంటలో అల్లినది అమ్ముడుపోకపోయినా, సగంలో ఆగిపోయినా, ఊడదీసి మళ్లీ మొదలుపెట్టినా ఎవరికీ లెక్క చెప్పక్కర్లేదు. నరసాపురం ఇల్లాళ్లకు దక్కనిది అదే. వాళ్ల పనిని తీరిక అన్నారు. మన తీరికను పనిగా మార్చమంటున్నారు.

అమ్మాలనుకుంటే అమ్మండి, తప్పులేదు. ఇప్పుడు పూలగుత్తులు, కీచైన్లు, జపాన్ పద్ధతి బొమ్మలు అల్లి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టి అమ్మే పిల్లలు మన ఊళ్లలోనూ ఉన్నారు. అయితే లెక్క కట్టి అమ్మండి. ఒక నూలు సంచి తీసుకుందాం. దారం రెండు వందల రూపాయలదనుకుందాం, అల్లడానికి పది గంటలు పట్టిందనుకుందాం. 2024-25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 300 రూపాయలు. అది మట్టి పనికి ఇచ్చే కూలి, నేర్పుకు ఇచ్చేది కాదు. ఎనిమిది గంటల రోజు లెక్కన గంటకు ముప్పై ఏడున్నర. పది గంటలకు 375. దారంతో కలిపి 575. ఇందులో లాభం ఒక్క రూపాయి కలపలేదు, డిజైను తయారు చేసుకున్నందుకు కలపలేదు, మణికట్టు నొప్పికి కలపలేదు. కొనేవాళ్లు ఏమంటారో మీకు తెలుసు: అంతనా, రెండు వందలకు ప్లాస్టిక్ బుట్ట వస్తాది కదక్కా. దారం డబ్బులు ఇస్తాంలే, చేసిపెట్టు అనే చుట్టాలు వేరే.

ఈ లెక్కను చిన్న కాగితం మీద రాసి సంచిలో పెట్టి చూపించండి. దారం ఇంత, గంటలు ఇన్ని, గంటకు ఇంత. చదువుకొని కొనేవాళ్లు కొంటారు. వద్దనుకుంటే మీరు రేటు దించాల్సిన పని లేదు. ఆ సంచి మీ ఇంట్లోనే ఉల్లిగడ్డలు తగిలించుకోవడానికి పనికొస్తుంది. అయిదు కిలోలదాకా మోస్తుంది గానీ, పిడి దగ్గర సింగిల్ కుట్లు ఒక వరుస ఎక్కువ వేసుకోండి, లేదంటే సాగుతుంది.